చంద్రుడు కూడా సూర్యుడికి అంతే దూరం కదా, మరి భూమి మీదే జీవం ఎందుకు?

కృష్ణలంక భారతి
మా పాప ఎనిమిదో తరగతి. భూమి మీద జీవం ఎందుకు ఉంది అన్న ప్రశ్నకు బడిలో ఒకే వాక్యం రాయించారు: "సూర్యుడికి సరైన దూరంలో ఉండటం వల్ల." మొన్న రాత్రి కరెంటు పోతే మేడ మీద పక్కలు వేసుకున్నాం. నిండు చంద్రుడు. దాన్నే చూస్తూ పడుకున్న పిల్ల ఉన్నట్టుండి అడిగింది: "అమ్మా, చంద్రుడు మన పక్కనే ఉన్నాడు కదా, మరి వాడికీ సూర్యుడు అంతే దూరం. అక్కడ చెట్టు ఒక్కటైనా ఎందుకు లేదు?" నా దగ్గర జవాబు లేదు. మర్నాడు బడిలో అడిగితే "అది పరీక్షకు రాదు, కూర్చో" అన్నారట. ముఖం చిన్నబుచ్చుకుని ఇంటికి వచ్చింది. నాకు కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. తెలిసినవాళ్లు పిల్లకు అర్థమయ్యేలా చెప్పండి. నాకూ తెలుసుకోవాలని ఉంది.

అరండల్‌పేట మాస్టారు
పాప అడిగింది నూటికి నూరుపాళ్లు సరైన ప్రశ్న. నోట్సులోని వాక్యమే సగం సరైనది. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే, చంద్రుడు మనకు 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాడు. ఆ లెక్కన మనిద్దరం ఒకే వాకిట్లో ఉన్నట్టు. ఇద్దరికీ ఒకే ఎండ. అయినా అక్కడ మధ్యాహ్నం 120 డిగ్రీలు, రాత్రి మైనస్ 130.

తేడా ఆకర్షణలో ఉంది. చంద్రుడి పట్టు నుంచి తప్పించుకుని పోవడానికి సెకనుకు 2.4 కిలోమీటర్ల వేగం చాలు. భూమి నుంచి పోవాలంటే 11.2 కావాలి. ఎండకు వేడెక్కిన గాలి కణాలు చంద్రుడి మీద నిలవలేక ఎగిరిపోయాయి. గాలి లేకపోతే ఒత్తిడి లేదు, ఒత్తిడి లేకపోతే నీరు నీరుగా నిలవదు. ముప్పై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పాను, ఇంత సూటిగా అడిగిన పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నా ఆశీస్సులు చెప్పండి.

పటమట కిరణ్
అయితే బరువు ఉంటే చాలా మాస్టారూ? శుక్రుడి బరువు భూమి బరువులో 80 శాతం పైనే. గాలి కూడా దండిగా ఉంది. అక్కడ ఏమీ బతకడం లేదు కదా.

అరండల్‌పేట మాస్టారు
చాలదు కిరణ్. అక్కడ గాలిలో 96 శాతం బొగ్గుపులుసు వాయువే. మీ తరం కార్బన్ డయాక్సైడ్ అంటుంది. గాలి ఒత్తిడి మనకంటే 90 రెట్లు. ఆ వాయువు వేడిని బయటికి పోనివ్వదు, అందుకే నేల మీద వేడి 460 డిగ్రీలు. సీసం కరిగిపోతుంది.

రెంటచింతల ఎండ
460 అని చదివాక మా ఊరి మే నెలను ఇక ఏమీ అనను.

కొత్తపేట రసాయనం
కిరణ్ అడిగినదాంట్లోనే అసలు సంగతి ఉంది. శుక్రుడి గాలిలో ఎంత బొగ్గుపులుసు వాయువు ఉందో, భూమి దగ్గర కూడా ఇంచుమించు అంతే ఉంది. అది ఎక్కడికీ పోలేదు. గాలిలో మాత్రం లేదు.

ఎక్కడుందో చెబుతాను. మీ ఇంట్లో నాపరాళ్లు పరిచి ఉంటే ఒకసారి కిందికి చూడండి. దాని మీదే నిలబడి ఉన్నారు. వాన చినుకు గాలిలోని ఈ వాయువును కలుపుకొని చాలా పలచని ఆమ్లంగా నేల మీద పడుతుంది. అది కొండరాళ్లను కొద్దికొద్దిగా కొరుకుతుంది. రాతిలోని కాల్షియం నీళ్లలో కరిగి ఏటి వెంట సముద్రానికి చేరుతుంది. అక్కడ రెండూ కలిసి సున్నపురాయిగా అడుగున పేరుకుంటాయి. గాలి రాయిగా మారిందన్నమాట. శుక్రుడి మీద సముద్రం లేదు, వాన నేలకు చేరదు. అందుకే అక్కడి వాయువు గాలిలోనే ఉండిపోయింది.

చుట్టుగుంట సీత
నిమ్మరసం ఒలికితే మా వంటింటి నాపరాయి మీద తెల్లమచ్చ పడుతుంది, ఎంత రుద్దినా పోదు. అది ఇదేనా?

కొత్తపేట రసాయనం
అదే సీత గారూ. పులుపు తగిలి రాతిలో బందీగా ఉన్న వాయువు బుడగలుగా లేచిపోయింది. ఇది సున్నపురాయా కాదా అని తేల్చడానికి భూగర్భ శాస్త్రవేత్తలు కొండల దగ్గర ఆమ్లం చుక్క వేసి చూస్తారు. మీరు వంటింట్లో చేసినదీ ఆ పరీక్షే.

బట్టీవారి అబ్బాయి
ఈ వేదికలో చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. సున్నపురాయి మాట వచ్చాక ఉండబట్టలేకపోయాను.

మాది పిడుగురాళ్ల. మా నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవారు. బట్టీలో ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు వేస్తారు. పైనుంచి వేస్తూ ఉంటే కింది నుంచి కాలిన సున్నం తీస్తారు. లోపలికి పోయిన రాయీ బయటికి వచ్చిన రాయీ చూడటానికి ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి. కానీ చేత్తో ఎత్తితే రెండోది తేలిక. చిన్నప్పుడు అడిగాను: "నాన్నా, ఆ బరువంతా ఏమైంది?" "పొగలో పోయిందిరా" అన్నారు. నన్ను ఆటపట్టిస్తున్నారని అనుకున్నాను.

ఇంటర్మీడియట్‌లో రసాయనశాస్త్రం లెక్క చేస్తుంటే వచ్చింది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 56 కిలోల సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాన్న చెప్పింది అక్షరాలా నిజం. రాతి బరువులో సగానికి కొంచెం తక్కువ, ఒకప్పటి గాలి. మాచర్ల నుంచి దాచేపల్లి దాకా నేల కింద ఉన్నదంతా అదే. మనిషి పీల్చలేని గాలి, రాయి రూపంలో ఒద్దికగా పడుకుని ఉంది కాబట్టి మనం పైన తిరుగుతున్నాం.

మరొకటి. సంక్రాంతికి గోడలకు వెల్ల వేస్తారు కదా. వేసిన రోజు గోడ మసకగా ఉంటుంది, రెండు మూడు రోజులకు తెల్లగా మెరుస్తుంది. ఎందుకంటే గోడ మీది సున్నం గాలిలోంచి అదే వాయువును తీసుకుని మళ్లీ సున్నపురాయి అవుతుంది. భారతి గారూ, మీ పాపకు చంద్రుణ్ణి చూపించాక ఒకసారి వెల్లగోడను కూడా చూపించండి.

కృష్ణలంక భారతి
మీరు రాసింది పాపకు చదివి వినిపించాను. "పొగలో పోయిందిరా" దగ్గర ఆపి మళ్లీ చదవమంది.

సత్తెనపల్లి నాగమణి
సున్నపురాయి అంటే గవ్వలు, నత్తగుల్లలు పేరుకుని ఏర్పడేది కదా? మా అమ్మమ్మ వాళ్లు తాంబూలంలోకి గుల్ల సున్నమే వాడేవారు. అంటే ముందు జీవం పుట్టి, ఆ తర్వాత రాయి వచ్చినట్టే కదా. మీరంతా తలకిందులుగా చెబుతున్నారు.

బట్టీవారి అబ్బాయి
గుల్ల సున్నం వేరు, రాతి సున్నం వేరు అండీ. ఇన్నేళ్లలో మా క్వారీ రాతిలో ఒక్క గవ్వ కనిపించలేదు.

కొత్తపేట రసాయనం
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఈ కాలపు సముద్రాల్లో సున్నపురాయిని ఎక్కువగా కట్టేది గుల్లలు, పగడాలు, సూక్ష్మజీవులే. పల్నాటి రాయి మాత్రం గుల్ల ఉన్న జంతువులు పుట్టకముందు ఉన్న సముద్రంలోది. అప్పుడు కూడా జీవం లేకపోలేదు. కడప జిల్లా వేంపల్లె వైపు రాళ్లలో, అడ్డంగా కోసిన క్యాబేజీ మాదిరి పొర మీద పొరగా గుర్తులుంటాయి. స్ట్రోమటోలైట్లు అంటారు. నాచులా పరుచుకున్న సూక్ష్మజీవుల చాపలు అవి. 180 కోట్ల ఏళ్లకు పైబడినవి. గవ్వలు వచ్చి 55 కోట్ల ఏళ్లు కూడా కాలేదు.

పటమట కిరణ్
నాకు ఒక అనుమానం. వాన గాలిని ఇలా రాయిగా మారుస్తూ పోతే ఏదో ఒక రోజు గాలిలో బొగ్గుపులుసు వాయువు అయిపోవాలి కదా? వేడిని పట్టి ఉంచే ఇలాంటి వాయువులు గాలిలో లేకపోతే భూమి సగటు వేడి మైనస్ 18 డిగ్రీలని చదివాను. అంతా గడ్డకట్టాలి.

అరండల్‌పేట మాస్టారు
గడ్డకట్టింది కూడా. సుమారు 72 కోట్ల ఏళ్ల నుంచి 63 కోట్ల ఏళ్ల కిందటి వరకు రెండుసార్లు మంచు భూమధ్యరేఖ దాకా వచ్చిందనడానికి రాళ్లలో గుర్తులున్నాయి. మళ్లీ ఎలా కరిగిందన్నదే ఇందులో గొప్ప విషయం. బట్టీవారి అబ్బాయి గారు చెప్పిన బట్టీయే భూమి కడుపులోనూ ఉంది. సముద్రపు అడుగు నిలకడగా ఉండదు. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు జరుగుతూ, ఒక పలక ఇంకో పలక కిందికి దూరిపోతుంది. దాంతోపాటు సున్నపురాయీ లోపలికి పోతుంది. అక్కడి వేడికి కాలి, ఆ వాయువు అగ్నిపర్వతాల నోటి నుంచి బయటికి వస్తుంది. అండమాన్‌లో బారెన్ ద్వీపం అలాంటి పొగగొట్టమే.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. భూమి వేడెక్కితే వానలు పెరుగుతాయి, రాళ్లు త్వరగా అరుగుతాయి, గాలిలో వాయువు తగ్గుతుంది, చల్లబడుతుంది. చల్లబడితే వాన తగ్గుతుంది, అరుగుదల మందగిస్తుంది, అగ్నిపర్వతాలు మాత్రం ఆగవు, వాయువు పేరుకుని మళ్లీ వేడెక్కుతుంది. వాకర్, హేస్, కాస్టింగ్ అనే ముగ్గురు 1981లో ఈ లెక్క కట్టారు. సూర్యుడు పుట్టిన కొత్తలో ఇప్పటి వెలుగులో 70 శాతమే ఇచ్చేవాడు. అంత మసక ఎండలో కూడా సముద్రాలు గడ్డకట్టకుండా ఉన్నాయంటే, గాలిలో అప్పుడు ఇలాంటి వాయువులు ఇంకా ఎక్కువగా ఉండటమే ప్రధాన కారణం.

మంగళగిరి రావు
"రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయి" అని మన పెద్దలు ఊరికే అనలేదు. రాయి పగిలితేనే కదా వాన లోపలికి దిగేది.

కొత్తపేట రసాయనం
రావు గారి సామెతను నా పాఠంలో చేర్చుకుంటున్నాను. దానికి తోడు కృష్ణ పుట్టేది మహాబలేశ్వరం దగ్గర, నల్లని బసాల్టు రాతి మీద. 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా అది. గాలిలోని వాయువును తినడంలో బసాల్టు ముందుంటుంది. వరద రోజుల్లో బ్యారేజీ మీద నిలబడి ఎర్రనీళ్లు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తుకొస్తుంది. భూమిని చల్లబరిచే పని అక్కడ కళ్లెదుట నడుస్తూ ఉంటుంది.

గుణదల వినయ్
మీరందరూ అయస్కాంత క్షేత్రాన్ని మరిచిపోయారు. భూమి నడిబొడ్డున కరిగిన ఇనుము తిరుగుతూ మన చుట్టూ కవచం కడుతుంది. అంగారకుడికి ఆ కవచం ఎప్పుడో పోయింది, అందుకే గాలి పోయింది. అసలు కారణం అదే.

పటమట కిరణ్
శుక్రుడికీ అయస్కాంత కవచం లేదు వినయ్. గాలి మనకంటే 90 రెట్లు ఉందని మాస్టారు పైన చెప్పారు.

గుణదల వినయ్
అది నిజమే. ఆలోచించవలసిందే.

అరండల్‌పేట మాస్టారు
వినయ్ మాట పూర్తిగా కొట్టేయకండి. అంగారకుడి గాలిని సూర్యుడి నుంచి వచ్చే కణాలు ఈనాటికీ ఊడ్చుకుపోతున్నాయని 2014లో అక్కడికి చేరిన మేవెన్ నౌక కొలిచింది. కవచం ఒక కారణం. చిన్న గ్రహం కావడం దానికంటే పెద్ద కారణం. అంగారకుడి బరువు భూమి బరువులో పదో వంతు. చిన్న గిన్నె త్వరగా చల్లారినట్టు లోపలి వేడి తగ్గిపోయింది. కవచమూ పోయింది, అగ్నిపర్వతాలూ సద్దుమణిగాయి. రాతిని కాల్చి వాయువును తిరిగి గాలిలోకి పంపే బట్టీ ఆరిపోయింది.

అవనిగడ్డ డెల్టా
అంగారకుడి మీద జెజెరో అనే గొయ్యి ఉంది. 2021 ఫిబ్రవరిలో నాసా వారి పర్సెవరెన్స్ రోవర్ దిగింది అక్కడే. ఒకప్పుడు అక్కడికి ఏరు వచ్చి చెరువులో కలుస్తూ ఒండ్రు పరిచింది. పైనుంచి తీసిన ఫొటో చూస్తే మన దివిసీమ పటమే గుర్తొచ్చింది. పాయలు పాయలుగా విడిపోవడం అచ్చం అలాగే. డెల్టాలో పుట్టినవాణ్ణి, నీళ్లు లేని డెల్టాను చూస్తే గుండె పట్టేసింది. మూడు వందల కోట్ల ఏళ్లకు ముందే ఎండిపోయిందట.

సూర్యారావుపేట పద్మావతి
ఇవన్నీ చదువుతుంటే నాకు ఒకటే అనిపిస్తోంది. దూరం, బరువు, వాన, రాయి, కవచం ఇన్నీ ఒక్కచోట కుదరడం కాకతాళీయం కాదు. సంకల్పం ఉంది. ఎవరినీ నొప్పించాలని కాదు, నా నమ్మకం చెబుతున్నాను.

గుణదల వినయ్
మీ నమ్మకాన్ని గౌరవిస్తాను పద్మావతి గారూ. కానీ అవనిగడ్డ వారు రాసింది చూడండి. అంగారకుడి మీద కూడా ఏళ్లు పారాయి. ఒకప్పుడు అక్కడా కుదిరింది, నిలవలేదు. మనకు నిలిచింది. కుదరడం కంటే నిలవడం గురించి అడగాలని నాకు అనిపిస్తోంది.

సూర్యారావుపేట పద్మావతి
నిలబెట్టేదాన్నే మేము స్థితి అంటాం నాయనా. సృష్టికి ఒకరిని, స్థితికి ఒకరిని వేరుగా చెప్పుకున్నాం కదా.

మంగళగిరి రావు
ఇది విన్నాక మా పానకాల స్వామి కొండ వైపు తిరిగి దండం పెట్టుకున్నాను. ఇద్దరి మాటా బాగుంది.

తెనాలి జ్యోతి
మనం పీల్చే ప్రాణవాయువు మాట ఎవరూ ఎత్తలేదు. మొదట్లో భూమి గాలిలో అది లేనే లేదు. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు ఎండను తిని దాన్ని వదలడం మొదలుపెట్టాయి. వదిలినదంతా ముందు సముద్రంలో కరిగి ఉన్న ఇనుము పట్టేసుకుంది. తుప్పై అడుగున పేరుకుంది. బళ్లారి, సండూరు వైపు ఇనుప ఖనిజం ఆ తుప్పే. ఇనుముకు పట్టగా మిగిలినది 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో చేరడం మొదలైంది. అప్పటి జీవుల్లో చాలావాటికి అది విషం. మనకు ప్రాణం. తర్వాత పైన ఓజోన్ పొర ఏర్పడి అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంది కాబట్టి జీవం నేల మీదికి రాగలిగింది. పాపకు ఇది తప్పకుండా చెప్పండి. ఇల్లు కట్టి అప్పగిస్తే మనం దిగలేదు. లోపల ఉన్నవాళ్లే కొంత కట్టుకున్నారు.

రెంటచింతల ఎండ
నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? అది కూడా చెప్పేస్తే పని పూర్తవుతుంది.

తెనాలి జ్యోతి
తోకచుక్కలు తెచ్చాయని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. 2014లో రొసెట్టా నౌక ఒక తోకచుక్కను చేరి నీటిని పరీక్షిస్తే, అందులో భార హైడ్రోజన్ పాలు మన సముద్రాల్లోకంటే మూడు రెట్లు తేలింది. దాంతో చూపు గ్రహశకలాల వైపు, భూమిని కట్టిన రాళ్ల వైపు మళ్లింది. ఎక్కడి నుంచి వచ్చినా తొందరగానే వచ్చింది. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల్లో అతి పాతవి 440 కోట్ల ఏళ్లవి. అప్పటికే నేల మీద నీరు ఉందని వాటిలోని ఆక్సిజన్ చెబుతోంది. భూమి వయసే 454 కోట్లు.

బందరు కాలువ సుధీర్
భూమి తనంత తాను చల్లబరచుకుంటుందని మాస్టారు చెప్పారు. అయితే వాతావరణ మార్పు గురించి ఇంత కంగారు ఎందుకు? వాన చూసుకుంటుంది కదా.

అరండల్‌పేట మాస్టారు
చూసుకుంటుంది సుధీర్, లక్షల ఏళ్లకు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉన్న వాయువును మనం రెండు వందల ఏళ్లలో 420 దాటించాం. వాన పనితీరు లక్షల ఏళ్ల మీద నడుస్తుంది, మన మనవలు వచ్చే వేసవిలో బతకాలి. ఆ రెండు గడియారాలకు పొంతన లేదు.

బట్టీవారి అబ్బాయి
దీనికి నేనే జవాబు చెప్పాలి. బట్టీలో ఒక్క రోజులో రాతి నుంచి లేచిపోయే గాలి, సముద్రం అడుగున రాయిగా మారడానికి ఎన్ని వేల ఏళ్లు పట్టిందో. మా ఇల్లు ఆ బట్టీ కూలితోనే నడిచింది, నా ఫీజులు అందులోంచే కట్టారు. మా నాన్న చేసింది తప్పని అననివ్వను. ఊరికి సిమెంటు కావాలి, గోడకు సున్నం కావాలి. కానీ ఆ రాయి ఏమిటో తెలిశాక, లారీల మీద లారీలు పోతుంటే ఊరికే చూస్తూ నిలబడలేకపోతున్నాను. ఇప్పుడు సిమెంటు సరఫరాలో పని చేస్తున్నాను. సున్నపురాయి వాడకం తగ్గించి, ఉక్కు కర్మాగారాల చిట్టెం, థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద కలిపిన సిమెంటు గురించి అడిగినవాళ్లకల్లా చెబుతుంటాను. విజయవాడ పక్కనే ఇబ్రహీంపట్నంలో బూడిదకు కొదవ లేదు.

చుట్టుగుంట సీత
పాప సంగతి తేలిందా లేదా? అసలు ప్రశ్న చంద్రుడి గురించి కదా.

తెనాలి జ్యోతి
చంద్రుడు ఏమీ చేయకుండా కూర్చోలేదని కూడా చెప్పండి. అంగారకుడంత గ్రహమొకటి పసి భూమిని గుద్దినప్పుడు చెదిరిన శకలాలే చంద్రుడయ్యాయని చాలామంది శాస్త్రవేత్తలు నమ్ముతున్నారు. మన భూమి ఒరుగు పెద్దగా మారకుండా వాడి ఆకర్షణ పట్టి ఉంచుతోంది. పెద్ద చంద్రుడు లేని అంగారకుడు లక్షల ఏళ్లలో విపరీతంగా ఒరిగి లేస్తూ ఉంటాడు. మన ఋతువులు అదుపులో ఉండటంలో వాడి వంతు కూడా ఉంది.

కృష్ణలంక భారతి
అందరికీ చెప్పాలి. మూడు రోజులుగా మా ఇంట్లో ఇదే మాట. నిన్న కిళ్లీ కొట్టులో సున్నం తెచ్చి, నీళ్లలో కలిపి తేర్చాం. పాప గొట్టంతో ఊదింది. "సున్నపు తేటను పాలవలె మార్చును" అని చిన్నప్పుడు నేనూ బట్టీ పట్టాను, ఎందుకో ఏనాడూ ఆలోచించలేదు. గ్లాసు అలాగే కదపకుండా ఉంచితే పొద్దున్నకు అడుగున తెల్లటి పొడి దిగింది. వంచి, ఎండబెట్టి, దాని మీద నిమ్మరసం చుక్క వేసింది. నురగ వచ్చింది. "నేను ఊదిన గాలే మళ్లీ వచ్చిందా?" అని అడిగింది. ఎండిన పొడిని పొట్లం కట్టి పుస్తకాల సంచిలో పెట్టుకుంది. ఇది రాయేనా అని మిమ్మల్ని అడగమంది.

బట్టీవారి అబ్బాయి
రాయేనమ్మా. మా పిడుగురాళ్ల రాయి.